సిర్రస్ మేఘాల్లోని మంచు రేణువులు – కాంతి సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మాలి?

ఆకాశంలో బాగా ఎత్తున పల్చగా పరుచుకునే సిర్రస్ మేఘాల్లో ఉన్నదంతా మంచు రేణువులే. కొన్ని మైక్రాన్ల నుంచి ఒక మిల్లీమీటరు దాకా, కొన్నిసార్లు అంతకు మించి ఉండే ఈ రేణువులు ఎండలో కొంత భాగాన్ని తిరిగి అంతరిక్షంలోకి పంపేస్తాయి. నేల నుంచి పైకి పోయే వేడిలో కొంత భాగాన్ని పట్టి ఉంచుతాయి. మొదటి పని భూమిని చల్లబరుస్తుంది, రెండోది వేడెక్కిస్తుంది. ఏ మేఘం ఎటు మొగ్గుతుందో చెప్పాలంటే అందులో రేణువులు ఎన్ని ఉన్నాయో, ఎంతెంత ఉన్నాయో, ఏ ఆకారంలో ఉన్నాయో తెలియాలి. అయితే వాటిని చేతికి చిక్కించుకుని పరీక్షించడం కష్టం. విమానం వెళ్లి ఢీకొంటే పగిలిపోతాయి. పట్టి కిందికి తేబోతే కరిగిపోతాయి, లేదా ఆవిరైపోతాయి. అందుకే వాటి మీద పడి చెదిరిన వెలుగును వేర్వేరు కోణాల్లో కొలిచి, దాన్నిబట్టి రేణువు ఎలా ఉందో లెక్కగట్టడం ఈ రంగంలో ముఖ్యమైన మార్గమైంది.

ఈ మార్గంలో నాలుగు దశాబ్దాలకు పైగా పని జరిగింది. ఫలితాలు కుప్పలుగా పోగయ్యాయి, వాటితోపాటు వివాదాలూ పెరిగాయి. సిర్రస్ మేఘాల్లో 50 మైక్రాన్ల కన్నా చిన్న రేణువులు నిజంగా ఎన్ని ఉన్నాయన్నది ఒక వివాదం. ఆ రేణువుల ముఖాలు నునుపుగా ఉంటాయా, గరుకుగా ఉంటాయా అన్నది ఇంకొకటి. వాతావరణ నమూనాల్లో వాటికి ఏ రూపం ఇచ్చి లెక్క వేయాలన్నది మూడోది. ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు. కానీ పత్రాల్లో, సభల్లో ఒకదాని జవాబును ఇంకొకదానికి అంటగట్టడంతో చర్చ చిక్కుపడింది. చిన్న రేణువుల లెక్క తప్పిందని తేలినప్పుడు చెదిరిన వెలుగు (పరిక్షేపణం) కొలతలన్నీ చెల్లవన్నవారున్నారు; చెదిరిన వెలుగు ఒక నమూనాకు సరిపోగానే రేణువు ఆకారమే తెలిసిపోయిందన్నవారూ ఉన్నారు. రెండూ పొరపాటేనని ఈ వ్యాసం వాదన. చెదిరిన వెలుగును చూసి రేణువు ఆకారాన్ని కచ్చితంగా తేల్చలేం. కానీ ఆ రేణువు వెలుగును ఏం చేస్తోందన్న ప్రశ్నకు, వాతావరణానికి అసలు కావలసిన ఆ ప్రశ్నకు, ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు రకాల కొలతలు దాదాపు ఒకే జవాబు ఇస్తున్నాయి.

షడ్భుజి పట్టకం నుంచి కంప్యూటరు దాకా

సూర్యుడి చుట్టూ, చంద్రుడి చుట్టూ కట్టే వరదగుడికి కారణం మంచు స్ఫటికాలేనని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు మారియోట్ వివరించాడు. ఆరు పలకల మంచు స్ఫటికంలో ఒకటి విడిచి ఒకటిగా ఉన్న రెండు ముఖాలు 60 డిగ్రీల పట్టకంలా పనిచేస్తాయి. మంచు వక్రీభవన గుణకం సుమారు 1.31. ఈ రెండు సంఖ్యలతో లెక్క వేస్తే కనిష్ఠ విచలన కోణం 22 డిగ్రీలకు దగ్గరగా వస్తుంది. ఆకాశంలో కనిపించే గుడి వ్యాసార్ధం కూడా అంతే. పక్క ముఖానికీ అడుగు ముఖానికీ మధ్య ఉన్న 90 డిగ్రీల కోణం నుంచి 46 డిగ్రీల గుడి వస్తుంది. 1847లో బ్రావే ఈ దృశ్యాల జ్యామితిని ఒక సమగ్ర గ్రంథంగా కూర్చాడు. 1936లో జపాన్‌లోని హొక్కైడోలో ఉకిచిరో నకాయా ప్రయోగశాలలో మంచు స్ఫటికాన్ని పెంచి చూపించాడు. ఉష్ణోగ్రత, తేమ మారేకొద్దీ అదే మంచు పలకగానో స్తంభంగానో నక్షత్రంగానో ఎలా పెరుగుతుందో ఆయన పటం గీశాడు. సొగసైన ఈ రెండు వారసత్వాల వల్ల, మేఘంలో మంచు అనగానే నునుపైన షడ్భుజి స్ఫటికమన్న చిత్రం పరిశోధకుల మనసుల్లో పాతుకుపోయింది. తర్వాతి వివాదంలో సగం ఆ చిత్రం నుంచే పుట్టింది.

లెక్కల వైపు ప్రయాణం వేరుగా సాగింది. 1908లో గుస్తావ్ మీ గోళాకార కణం కాంతిని ఎలా చెదరగొడుతుందో పూర్తి గణితం రాశాడు. నీటి బొట్లకు అది చక్కగా సరిపోయింది. మంచు రేణువు గోళం కాదు గనుక దానికి మరో దారి వెతకాల్సి వచ్చింది. తరంగదైర్ఘ్యం కన్నా చాలా పెద్దవైన రేణువులకు కిరణాలను ఒక్కొక్కటిగా స్ఫటికం గుండా నడిపించి లెక్కించే పద్ధతి 1970ల తర్వాత కంప్యూటర్లతో సాధ్యమైంది. టకానో, లియూ 1989లో షడ్భుజి స్ఫటికాలకు ఈ పద్ధతిని బలంగా నిలబెట్టారు. 1996లో మాకె బృందం గుండ్ల ముడి లాంటి బుల్లెట్ రోజెట్లకు, స్ఫటికాల గుత్తులకు, క్రమం లేని బహుస్ఫటికాలకు దాన్ని విస్తరించింది. తరంగదైర్ఘ్యానికి దగ్గరి పరిమాణంలో ఉన్న రేణువుల దగ్గర కిరణాల పద్ధతి చెల్లదు. వాటికి వాటర్‌మన్ 1965లో మొదలుపెట్టిన టి-మాత్రిక, పర్సెల్, పెన్నీపాకర్ 1973లో ప్రతిపాదించిన ద్విధ్రువాల పద్ధతి పనికొచ్చాయి. ఈ రెండు అంచుల మధ్య ఉన్న రేణువులే, అంటే కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని పదుల మైక్రాన్ల దాకా ఉన్నవే, లెక్కకు అన్నిటికన్నా మొండివి. సిర్రస్ మేఘాల్లో వివాదం నడుస్తున్నది సరిగ్గా ఆ పరిమాణాల మీదే.

ఒక సంఖ్య మీద ఇంత పట్టుదల ఎందుకు

ఈ చర్చంతా చివరికి ఒక సంఖ్య చుట్టూ తిరుగుతుంది. రేణువు మీద పడిన వెలుగు సగటున ఎంతమేర ముందుకే సాగుతుందో చెప్పే ఆ సంఖ్యను అసౌష్ఠవ గుణకం అంటారు. పడిన వెలుగంతా ముందుకే పోతే అది 1. ముందుకూ వెనక్కూ సమంగా చెదిరితే 0. నీటి బొట్లకు ఇది సుమారు 0.85. నునుపైన షడ్భుజి స్తంభాలకు లెక్కల్లో ఎక్కువగా 0.77 నుంచి 0.82 మధ్య వస్తుంది. పల్చని పలకలకు 0.9 దాటవచ్చు. క్రమం తప్పిన, గరుకైన స్ఫటికాలకు 0.75 చుట్టుపక్కలకు దిగుతుంది.

0.80కీ 0.75కీ తేడా పైకి చిన్నదిగా అనిపిస్తుంది. కానీ మేఘం ఎండను ఎంత తిప్పికొడుతుందన్నది ఈ గుణకం మీద నేరుగా కాక, ఒకటిలోంచి దాన్ని తీసివేయగా మిగిలిన దాని మీద ఆధారపడుతుంది. ఒక సందర్భంలో మిగిలేది 0.20, ఇంకో సందర్భంలో 0.25. అంటే అదే మంచుతో, అదే మందంతో ఉన్న మేఘం వెలుగును వెనక్కి పంపే సామర్థ్యంలో నాలుగో వంతు తేడా. ఉపగ్రహం చూసిన మెరుపు నుంచి మేఘం మందాన్ని లెక్కగట్టేటప్పుడు ఇదే తేడా తలకిందులై వస్తుంది: గుణకాన్ని ఎక్కువగా ఊహిస్తే మేఘం ఉన్నదానికన్నా మందంగా ఉన్నట్టు లెక్క తేలుతుంది.

ఈ సంఖ్య మీద మొదటి గట్టి అనుమానం 1986లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో జరిగిన ఫైర్ ప్రయోగాల తర్వాత వచ్చింది. విమానాలు, ఉపగ్రహాలు, లేజర్ వెలుగు పంపి వెనక్కొచ్చేదాన్ని కొలిచే లైడార్లు ఒకే మేఘాన్ని ఒకేసారి చూసిన తొలి పెద్ద ప్రయత్నాల్లో అదొకటి. 1990లో గ్రేమ్ స్టీఫెన్స్ బృందం అలాంటి పరిశీలనలను లెక్కలతో పోల్చి, గుణకం 0.7 దరిదాపుల్లో ఉంటే తప్ప మేఘాల తెల్లదనానికి సరైన వివరణ దొరకడం లేదని రాసింది. నునుపు స్ఫటికాల సిద్ధాంతం ఇచ్చేదానికన్నా అది బాగా తక్కువ. ఈ ఖాళీని పూరించడానికి అప్పట్లో చాలామంది ఎంచుకున్న వివరణ, పరికరాల కంటపడనంత చిన్న రేణువులు మేఘంలో లెక్కలేనన్ని ఉన్నాయన్నది. సంఖ్య గురించిన ప్రశ్న, ఆకారం గురించిన ప్రశ్న మొదటిసారి ముడిపడింది ఇక్కడే.

పరికరం పగలగొట్టిన స్ఫటికాలు

చిన్న రేణువుల్ని లెక్కపెట్టడానికి అప్పుడున్న ముఖ్య పరికరం, 1970లలో నోలెన్‌బర్గ్ రూపొందించిన ముందుచూపు పరిక్షేపణ యంత్రం. విమానం రెక్క కింద గొట్టంలా అమర్చిన ఈ పరికరంలోంచి గాలి దూసుకుపోతుంది. ఒక్కో కణం లేజర్ కిరణాన్ని దాటేటప్పుడు సుమారు 4 నుంచి 12 డిగ్రీల కోణాల్లో చెదిరే వెలుగును కొలిచి దాని పరిమాణం చెబుతుంది. ఆ పరిమాణం రావడానికి వాడేది గోళాలకు మీ రాసిన గణితం. నీటి బొట్టుకు సరిపోయేది మంచు స్ఫటికానికి సరిపోదన్న సంగతి తెలిసినదే. అంతకన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. సెకనుకు 100 నుంచి 200 మీటర్ల వేగంతో పోతున్న పరికరం అంచుకు వందల మైక్రాన్ల స్ఫటికం తగిలితే ముక్కలవుతుంది. ఆ ముక్కలన్నీ గొట్టంలోకి వచ్చి, చిన్న రేణువులుగా లెక్కలోకెక్కుతాయి. 1985లోనే గార్డినర్, హాలెట్ ఈ అనుమానం వ్యక్తం చేశారు. తర్వాత, పగిలిన ముక్కలు ఒకదాని వెంట ఒకటి గుంపుగా వస్తాయన్న లక్షణాన్ని పట్టుకుని, కణానికీ కణానికీ మధ్య సమయాన్ని కొలిచి వాటిని ఏరివేసే పద్ధతి వచ్చింది.

2009లో కెనడాలో కొరోలెవ్ బృందం ఈ వివాదాన్ని తేల్చడానికి నేరుగా ప్రయోగం చేసింది. ఒకే విమానం మీద పాత అంచులున్న పరికరాన్నీ, ముక్కలు లోపలికి రాకుండా చెక్కిన కొత్త అంచులున్న పరికరాన్నీ పక్కపక్కనే పెట్టి ఎగరేశారు. పెద్ద స్ఫటికాలున్న మేఘాల్లో పాత పరికరం చిన్న రేణువుల సంఖ్యను పది రెట్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువగా చూపిస్తోందని తేలింది. ఉష్ణమండలపు ఉరుము మేఘాల పైభాగాలను పరిశీలించిన జెన్సెన్ బృందం కూడా 2009లో ఇదే దారిలో నిర్ణయానికి వచ్చింది. పాత కొలతల మీద కట్టిన ఎన్నో పట్టికలు, నమూనాలు దీంతో పునాది కోల్పోయాయి. అలాగని చిన్న రేణువులే లేవని చెప్పడం కూడా తప్పే. మైనస్ 38 డిగ్రీల కన్నా చల్లని గాలిలో సూక్ష్మమైన ద్రవ బిందువులు వాటంతటవే గడ్డకట్టినప్పుడు, కొండల మీది తరంగ మేఘాల్లో, విమానాల వెనక కొత్తగా ఏర్పడిన చారల్లో చిన్న రేణువులు పుష్కలంగానే ఉంటాయి. అక్కడ పగలడానికి పెద్ద స్ఫటికాలే ఉండవు కాబట్టి ఆ కొలతను నమ్మవచ్చు.

ఈ తీర్పు ప్రశ్నను ఇంకా పదునుపెట్టింది. గుణకం తక్కువగా ఉండటానికి చిన్న రేణువుల గుంపు కారణం కాకపోతే, మరేమిటి?

మూడు వాదాలు

మొదటి వాదం పాత బాటలోనిదే: మేఘంలోని రేణువులు ప్రధానంగా షడ్భుజి స్ఫటికాలు, వాటి గుత్తులు, వేర్వేరు ఆకారాల నిష్పత్తిని సరిగ్గా కలిపితే పరిశీలనలకు సరిపోతుంది. నాసా మోడిస్ పరికరం సిర్రస్ లెక్కల్లో కొంతకాలం ఈ తరహా మిశ్రమమే వాడింది. రెండో వాదం ప్రకారం ఆకారం కన్నా ఉపరితలం ముఖ్యం. నునుపు గాజులోంచి వచ్చే వెలుగుకూ, అరగదీసిన గాజులోంచి వచ్చే వెలుగుకూ ఎంత తేడా ఉంటుందో, నునుపు స్ఫటికానికీ గరుకు స్ఫటికానికీ అంత తేడా ఉంటుంది. గరుకుదనం వల్ల, లోపలి గాలి బుడగల వల్ల, బోలు గుంటల వల్ల గుడి కట్టే పదునైన కోణాలు చెరిగిపోయి, ఏ కోణంలో ఎంత వెలుగు చెదిరిందో చూపే వక్రరేఖ చదునవుతుంది. హర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయం, కార్ల్స్‌రూహె సాంకేతిక సంస్థ ఈ వాదానికి ప్రధాన కేంద్రాలు. మూడోది వ్యావహారిక వాదం. నిజమైన ఆకారం ఏదైతేనేం, అన్ని తరంగదైర్ఘ్యాల్లోనూ కొలతలకు సరిపోయే ఒక ప్రతినిధి నమూనా ఎంచుకుంటే చాలంటుంది. బ్రిటిష్ వాతావరణ శాఖలో బారన్ రూపొందించిన స్ఫటికాల సమూహ నమూనా, లోపల గాలి బుడగలున్న షడ్భుజి స్ఫటికంగా ఫ్రాన్సులో లబొనోత్ బృందం ప్రతిపాదించినది, జపాన్ ఉపగ్రహాల లెక్కల్లో వాడే వొరొనోయ్ గుత్తులు ఈ కోవలోవి.

మొదటి వాదం ఆకారానికి నిజాయితీగా కట్టుబడుతుంది కానీ కొలిచిన గుణకాన్ని అందుకోలేదు. రెండోది గుణకాన్ని అందుకుంటుంది. కానీ లెక్కల్లో వాడే గరుకుదనం చాలావరకు స్ఫటిక ముఖాలను యాదృచ్ఛికంగా వాల్చే ఒక గణిత సౌకర్యమే, సూక్ష్మదర్శినిలో కనిపించే గరుకు కాదు. మూడోదానికి ఉపయోగం ఎక్కువ, వివరణ తక్కువ. యాంగ్ బృందం 2013లో 0.2 నుంచి 100 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాలకు, పదకొండు ఆకారాలకు, మూడు స్థాయిల గరుకుదనంతో తయారుచేసిన పెద్ద పట్టిక తర్వాత రెండో వాదానికీ మూడోదానికీ మధ్య గీత బాగా పల్చబడింది.

ఈ వాదాల్లో ఎటు మొగ్గాలో చెప్పే సాక్ష్యాలు వేర్వేరు దారుల్లో వచ్చాయి. ఫ్రాన్సులో క్లెర్మాన్-ఫెరాన్ పరిశోధకుడు గాయే బృందం తయారుచేసిన ధ్రువ నెఫెలోమీటరు విమానం మీద ఎగురుతూ దాదాపు 3.5 నుంచి 169 డిగ్రీల దాకా వెలుగును కొలిచింది. సిర్రస్ మేఘాల్లో ఎక్కువసార్లు దొరికింది గుడి గుర్తులు లేని చదును వక్రరేఖే, గుణకం 0.77 దగ్గర తేలింది. హర్ట్‌ఫర్డ్‌షైర్ వారి సూక్ష్మ మంచు శోధకం మూడో తరం పరికరం ఒక్కో రేణువు ముందుకు చెదరగొట్టిన వెలుగును ద్విమితీయ చిత్రంగా తీస్తుంది. నునుపు స్ఫటికానికి ఆ చిత్రంలో స్పష్టమైన కాంతి చారలు రావాలి. గరుకు స్ఫటికానికి చెల్లాచెదురు చుక్కలు వస్తాయి. 2014లో ఉలనోవ్‌స్కి బృందం ప్రచురించిన ఫలితాల్లో చుక్కల చిత్రాలదే పైచేయి. కార్ల్స్‌రూహె వారి ఫిప్స్ పరికరం మరో అడుగు ముందుకేసి, ఒకే రేణువుకు రెండు దిశల నుంచి ఫొటోలు తీస్తూనే అది 18 నుంచి 170 డిగ్రీల దాకా చెదరగొట్టే వెలుగునూ కొలుస్తుంది. ఆ కొలతల ఆధారంగా యార్వినెన్, ష్నైటర్ బృందం 2018లో గుణకం దాదాపు 0.75గా తేల్చింది. దాన్ని వాతావరణ నమూనాలో పెడితే ప్రపంచ సగటున చదరపు మీటరుకు సుమారు 1.1 వాట్ల అదనపు చల్లదనం లెక్కకు వచ్చింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే వచ్చే దాదాపు 4 వాట్ల వేడిమి ఒత్తిడి పక్కన పెట్టి చూస్తే ఇది చిన్న సంఖ్య కాదు.

అంతరిక్షం నుంచి వచ్చిన సాక్ష్యం నాకు అన్నిటికన్నా బలమైనదిగా కనిపిస్తుంది. ఒకే మేఘాన్ని పలు కోణాల్లో, ధ్రువిత కాంతిలో చూసే పోల్డర్ పరికరం 1996లోనూ, తర్వాత 2004 చివర్లో పారసోల్ ఉపగ్రహం మీదా పైకి వెళ్లింది. దాని కొలతలకు నునుపు షడ్భుజి నమూనాలు సరిపోలేదు. గరుకు నమూనాలు సరిపోయాయి. మరోవైపు, మోడిస్ ఐదో సంచిక సమాచారంలో పల్చని సిర్రస్ మందం, కాలిప్సో ఉపగ్రహ లైడార్ చెప్పినదానికి దాదాపు రెట్టింపు ఉండేది. ఎవరిది తప్పు? హోల్జ్ బృందం పరారుణ కొలతలను మధ్యవర్తిగా పెట్టింది. పరారుణంలో మంచు వెలుగును ఎక్కువగా పీల్చుకుంటుంది గనుక అక్కడ రేణువు ఆకారం ప్రభావం తక్కువ. ఆ తీర్పులో మోడిస్ ఎక్కువగానూ, లైడార్ కొంత తక్కువగానూ చెబుతున్నట్టు తేలింది. ఆరో సంచికలో బాగా గరుకైన స్తంభాల గుత్తిని ఏకైక నమూనాగా పెట్టి గుణకాన్ని 0.75 దరికి తేగానే దూరం చాలావరకు తగ్గింది.

అభ్యంతరాలు, వాటి బరువు

మొదటి అభ్యంతరం పగిలిన ముక్కల నుంచి వస్తుంది. లెక్కను పాడుచేసిన ముక్కలు కోణీయ కొలతనూ పాడుచేసి ఉండవచ్చు కదా. విరిగిన ముక్క క్రమం లేకుండా ఉండటం సహజమే కదా అని అడుగుతారు. పాత నెఫెలోమీటరు కొలతల విషయంలో ఈ ప్రశ్న న్యాయమైనదే. అయితే ఫిప్స్ తాను కొలిచిన రేణువు ఫొటోనే చూపిస్తుంది. పోల్డర్‌కు గాలిని పీల్చే గొట్టమే లేదు. కార్ల్స్‌రూహెలో 84 ఘనమీటర్ల ఐడా మేఘ గదిలో పెంచిన స్ఫటికాలు విమాన వేగంతో దేన్నీ ఢీకొనవు. అక్కడా గరుకు స్ఫటికాలే ఎక్కువ కనిపించాయి. ముక్కల ప్రభావం ఒక దారిలోకి చొరబడగలదు, అన్ని దారుల్లోకీ ఒకే తీరుగా చొరబడలేదు.

రెండోది కొలత పరిధికి సంబంధించింది, ఇది మరింత లోతైనది. పెద్ద రేణువు అడ్డుకునే వెలుగులో సగం దాని అంచుల వెంట వివర్తనం చెంది దాదాపు తిన్నగానే సాగిపోతుంది. ఆ వెలుగు చాలా ఇరుకైన కోణంలో ఉంటుంది. 50 మైక్రాన్ల రేణువుకు అది అర డిగ్రీ పైచిలుకు. ఏ విమాన పరికరమూ దాన్ని నేరుగా కొలవదు. సగం వెలుగు ముందుకే పోయిందని అనుకుని, మిగతా సగం నుంచి గుణకాన్ని కడతారు. పెద్ద రేణువులకు ఇది గట్టి భౌతికశాస్త్రమే గనుక అభ్యంతరం నిలవదు. 10 మైక్రాన్ల రేణువు దగ్గరికి వచ్చేసరికి వివర్తన కాంతి మూడు డిగ్రీల వరకు వెడల్పవుతుంది, సగం సగం అన్న విభజన సడలుతుంది. అక్కడ 0.75 అన్న సంఖ్యకు ఇరువైపులా కొంత అనిశ్చితి వదలక తప్పదు.

మూడో అభ్యంతరం ఆకాశంలోనే ఉంది. స్ఫటికాలన్నీ గరుకైతే వరదగుడి ఎలా కడుతుంది? మన పల్లెల్లో దూరపు గుడి కడితే దగ్గర వాన, దగ్గర గుడి కడితే దూరపు వాన అంటారు. దూరపు గుడి అంటే 22 డిగ్రీల మంచు వలయం. దగ్గర గుడి, చంద్రుణ్ని ఆనుకుని నీటి బిందువుల వివర్తనంతో ఏర్పడే చిన్న వలయం. మంచు వలయం అంత పరిచితమైనదైతే నునుపు స్ఫటికాలు అరుదు కాదని వాదించవచ్చు. దీనికి సమాధానం మిశ్రమంలో ఉంది. గరుకు రేణువుల చదును వెలుగు మీద కొద్ది వంతు నునుపు స్ఫటికాలు చేరినా 22 డిగ్రీల దగ్గర కంటికి తెలిసేంత అంచు లేస్తుంది. సగటు గుణకం మాత్రం పెద్దగా కదలదు. పైగా సిర్రస్ ఉన్న ప్రతిసారీ గుడి కట్టదు. ఐరోపాలో కెమెరాలతో చేసిన దీర్ఘకాల పరిశీలనల్లో ఎక్కువ సమయం గుడి లేకుండానే సిర్రస్ కనిపించింది. అందువల్ల గుడి ఉండటం గరుకు వాదాన్ని పడగొట్టదు. కానీ అన్ని మేఘాలకూ ఒకే గరుకు నమూనా చాలన్న ధీమాను మాత్రం అది గట్టిగా ప్రశ్నిస్తుంది. ఆ ప్రశ్న వినవలసినదే.

చివరి అభ్యంతరం తర్కానికి చెందింది. రెండు పూర్తిగా వేరైన రేణువులు ఒకే తీరు వక్రరేఖను ఇవ్వగలవు. గరుకు ముఖాలున్న స్తంభం, లోపల బుడగలున్న స్తంభం, క్రమంలేని గుత్తి, మూడూ చదును వక్రరేఖనే ఇస్తాయి. కాబట్టి వక్రరేఖ నుంచి గరుకుదనాన్ని నిరూపించామనడం చెల్లదు. ఇది పూర్తిగా నిజం. ఇందుకే మొదట్లో ఆకారం ప్రశ్ననూ ప్రభావం ప్రశ్ననూ విడదీయాలన్నది. గరుకుదనానికి విడిగా సాక్ష్యం కావాలి. అది కొంత దొరికింది కూడా: ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పెంచిన మంచు ముఖాల మీద గట్లు, గీతలు కనిపించాయి, 2021లో మగీ బృందం బెలూన్లతో సిర్రస్ నుంచి చల్లగానే దించిన రేణువుల మీద కూడా సంక్లిష్టమైన ఉపరితలాలు కనిపించాయి. ఐడా గదిలో చేసిన ప్రయోగాల్లో, పెరిగే సమయంలో ఆవిరి ఎంత ఎక్కువగా అందితే స్ఫటికం అంత సంక్లిష్టమవుతుందని తేలింది. ఆవిరి తక్కువగా అందినప్పుడు నునుపుదనం కొంత నిలిచింది. గరుకుదనం మేఘం పుట్టిన పరిస్థితులను బట్టి మారుతుందన్న ఈ ఫలితం, ఒకే స్థిర సంఖ్యతో సరిపెట్టుకునేవారికి ఇబ్బందికరమైనది.

ఉష్ణమండలపు పైకప్పు

విమానాల కొలతల్లో పెద్ద వాటా మధ్య అక్షాంశాలది, ధ్రువ ప్రాంతాలది. ఉష్ణమండలంలో 15 నుంచి 18 కిలోమీటర్ల ఎత్తులో, మైనస్ 80 డిగ్రీల చలిలో ఏర్పడే పల్చని సిర్రస్ దాకా వెళ్లగల పరిశోధక విమానాలు ప్రపంచంలోనే కొద్ది. కంటికి కనిపించనంత పల్చగా ఉండే ఆ మేఘాల గురించి మనకున్న జ్ఞానంలో పెద్ద వంతు లైడార్ నుంచి వచ్చింది. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో జపాన్ సహకారంతో 1998లో నెలకొల్పిన లైడార్ 532 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుగుతో ఈ మేఘాల ఎత్తు, మందం, విధ్రువణం ఏళ్ల తరబడి నమోదు చేసింది. ధ్రువిత కాంతి గోళాకార బిందువు నుంచి వెనక్కి వస్తే ధ్రువణం చెడదు, మంచు స్ఫటికం నుంచి వస్తే చెడుతుంది; 1971లో షోట్‌లాండ్, సాసెన్, స్టోన్ మొదలుపెట్టిన ఈ పద్ధతి మంచునూ నీటినీ వేరుచేయడానికి ఇప్పటికీ సాటిలేనిది. ఇస్రో, నాసా కలిసి 2014 నుంచి చేపట్టిన బటాల్ ప్రయోగాల్లో గాదంకి నుంచీ, హైదరాబాదులోని టాటా సంస్థ బెలూన్ కేంద్రం నుంచీ చిన్న వెనుకచూపు పరిక్షేపణ పరికరాలు కట్టి బెలూన్లు ఎగరేశారు. ఋతుపవన కాలంలో ఆసియా మీద ఏర్పడే సూక్ష్మకణాల పొర వాటి లక్ష్యమైనా, అదే ఎత్తుల్లో సిర్రస్ కూడా వాటి కంటపడుతుంది.

అయితే లైడార్ వినేది ఒకే ఒక్క కోణం, 180 డిగ్రీల వెనుక కోణం. లెక్కలకు అన్నిటికన్నా లొంగని కోణం కూడా అదే. స్ఫటికం కాస్త గరుకెక్కినా, కొద్దిగా వాలినా ఆ కోణంలో వెలుగు రెట్లలో మారిపోతుంది. కాలిప్సో మొదట దాదాపు నిట్టనిలువుగా, 0.3 డిగ్రీల వాలుతో కిందికి చూసేది. గాలిలో అడ్డంగా తేలే పలకలు అద్దాల్లా మెరిసి కొలతను గందరగోళపరచడంతో 2007 నవంబరులో వాలును 3 డిగ్రీలకు మార్చారు. విధ్రువణం నుంచి గుణకాన్ని రాబట్టామని చెప్పే లెక్కలను ఈ కారణంగానే జాగ్రత్తగా చదవాలి. మన ప్రాంతపు సిర్రస్‌కు లైడార్ ఇచ్చిన ఎత్తు, మందం నమ్మదగినవి. ఆ మేఘాల రేణువులకు 0.75 వర్తిస్తుందన్నది మాత్రం ఉపగ్రహాల ద్వారా వచ్చిన అంచనా. గాలిలో కోణకోణంగా కొలిచి నిర్ధారించినది చాలా కొద్ది.

ఇంకా తేలనివి

ఎండ తరంగదైర్ఘ్యాల్లో సరిపోయిన గరుకు గుత్తి పరారుణంలోనూ, సూక్ష్మతరంగాల్లోనూ అదే మేఘానికి సరిపోవాలి. సూక్ష్మతరంగాలకు చిన్న రేణువులు కనిపించవు. పెద్ద గుత్తుల సాంద్రతే అక్కడ నిర్ణాయకం. ఒకే రేణువు నమూనాతో ఈ చివర నుంచి ఆ చివర దాకా తృప్తికరంగా నడిపించినవారు ఇంకా లేరు. గరుకుదనం తేమను బట్టి మారుతుందన్న ప్రయోగశాల ఫలితాన్ని నమూనాల్లోకి ఎలా తేవాలన్నది మరో ప్రశ్న. చదరపు మీటరుకు 1.1 వాట్ల అదనపు చల్లదనం లెక్క అన్ని మేఘాలకూ ఒకే గుణకం పెట్టి వేసినది. మేఘం పుట్టుకను బట్టి గుణకం మారితే ఆ సంఖ్య ఎటు కదులుతుందో చెప్పాలంటే, అదే మేఘంలో తేమనూ కోణీయ కాంతినీ కలిపి కొలవాలి.

2024లో రెండు ఉపగ్రహాలు ఈ పనికి తోడయ్యాయి. ఫిబ్రవరిలో వెళ్లిన పేస్ మీద రెండు ధ్రువణ మాపకాలున్నాయి; పోల్డర్ ఆగిపోయాక ఏర్పడిన ఖాళీని అవి పూరిస్తున్నాయి. మే నెలలో ఐరోపా, జపాన్ కలిసి పంపిన ఎర్త్‌కేర్ లైడార్ 355 నానోమీటర్ల అతినీలలోహిత కాంతితో, గాలి అణువుల వెలుగునూ మేఘపు వెలుగునూ విడదీసి కొలుస్తుంది. దానివల్ల మేఘం మందానికి ఆకారం గురించిన ఊహ అవసరం లేకుండా విలువ వస్తుంది. ఆ మందాన్ని, పేస్ ధ్రువణ మాపకాలు చెప్పే గుణకంతో లెక్కగట్టిన మందం పక్కన పెట్టి చూడవచ్చు. రెండూ కలిస్తే 0.75కు ఉష్ణమండలంలోనూ చోటు ఖాయమవుతుంది. కలవకపోతే, అవి ఎక్కడ, ఏ ఎత్తులో, ఏ ఋతువులో విడిపోతున్నాయో చూసి పరికరాలతో అక్కడికే వెళ్లాలి. గాదంకి లైడార్ ఇప్పటికే చూస్తున్న ఆకాశం ఆ జాబితాలో ముందువరసలో ఉండాలి. ఎందుకంటే ఋతుపవన మేఘాల పైభాగం నుంచి విస్తరించే మంచు పొర అత్యంత చల్లని చోట, అత్యధిక తేమతో పెరుగుతుంది. తేమకూ గరుకుదనానికీ ఉన్న సంబంధాన్ని పరీక్షించడానికి అంతకన్నా అనువైన చోటు మరొకటి కనిపించదు.